15 ఏళ్ల పెట్టుబడికి ఈ యుద్ధాలు, టారిఫ్‌లు, వరదలు ఎలా లెక్కలోకి తీసుకోవాలి?

బెజవాడ_వేణు
పాపకి మూడేళ్లు, నాకు 37. పాప చదువుకీ మా రిటైర్మెంట్‌కీ కలిపి నెలకి 20 వేలు సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కట్టే వాయిదా) కడుతున్నా, ఇండెక్స్ ఫండ్ (సెన్సెక్స్ లాంటి సూచీలో ఉన్న కంపెనీలన్నీ కొనేది) ఒకటి, ఫ్లెక్సీక్యాప్ (చిన్నా పెద్దా ఏ కంపెనీలైనా కొనేది) ఒకటి. 15 ఏళ్లు ముట్టుకోకూడదని మా ఆవిడా నేనూ అనుకున్నాం. కానీ పేపర్ తీస్తే ఒకపక్క యుక్రెయిన్, ఇంకోపక్క ఎర్ర సముద్రం, 2025 ఆగస్టులో అమెరికా వేసిన 50 శాతం టారిఫ్, ఇవన్నీ పక్కనపెడితే మన బెజవాడలోనే బుడమేరు వాగు వరద. మా బామ్మర్దేమో ఈ కాగితాలన్నీ అమ్మేసి అమరావతి వైపు స్థలం కొను బావా, భూమి ఎక్కడికీ పోదంటాడు. మావయ్య బంగారం అంటాడు. నా డౌటు సూటిగా అడుగుతున్నా. ప్రపంచంలో జరిగే ఈ గొడవలన్నీ మనలాంటి నెలజీతగాళ్లు అసలు లెక్కలోకి తీసుకోవాలా, తీసుకుంటే ఎలా? లాంగ్ టర్మ్‌లో అన్నీ సర్దుకుంటాయి అనే మాట మాత్రం వద్దు ప్లీజ్, యూట్యూబ్‌లో విని విని ఉన్నా.

చిన్నా_99
లాంగ్ టర్మ్‌లో అన్నీ సర్దుకుంటాయి అన్నా. హహ, తిట్టొద్దు. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,900 పాయింట్లకి పైనే పడి 26 వేల కిందకి వచ్చింది, అదే ఏడాది డిసెంబరు చివరికి 47 వేలు దాటింది. భయపడి అమ్మినోళ్లే పోయారు. సిప్ ఆపకు, కావాలంటే పేపర్ ఆపేయ్.

అరండల్‌పేట_సుధ
చిన్నా, నువ్వు చూసింది తొమ్మిది నెలల్లో గట్టెక్కిన గండం. అన్నీ అలా గట్టెక్కవు. 2008 జనవరిలో 21 వేల దగ్గరున్న సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల చిల్లర. మళ్లీ 21 వేలు చూసింది 2010 నవంబరులో, అక్కడా నిలబడలేదు, నిలదొక్కుకునేసరికి 2013 అయిపోయింది. జపాన్ సంగతి ఇంకా ఘోరం. అక్కడి షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబరు 29న 38,915 దగ్గర క్లోజయితే ఆ అంకె దాటింది 2024 ఫిబ్రవరి 22న. 34 ఏళ్లు! అక్కడేమీ యుద్ధం రాలేదు. భూమి, షేర్లు రెండూ అర్థంపర్థం లేకుండా పెరిగి కూలిపోయాయి, ఆ తర్వాత పనిచేసే వయసువాళ్లు తగ్గి ముసలివాళ్లు పెరిగారు. ఆర్థిక రిస్కు, సామాజిక రిస్కు ఒకదాని వెనక ఒకటి వస్తే ఇలాగే ఉంటుంది. వేణు గారు అడిగింది అడగాల్సిన ప్రశ్నే.

చిన్నా_99
అక్కా జపాన్ ఒప్పుకుంటా, కానీ ఉన్న డబ్బంతా 1989 డిసెంబరులో ఒక్కరోజే పెట్టినోడికి కదా 34 ఏళ్లు? నెలనెలా కట్టినోడు 2003లో 8 వేలకీ, 2009లో 7 వేలకీ కూడా కొనుంటాడు, డివిడెండ్లు వేరే. వాడు ఎప్పుడో లాభంలోకి వచ్చుంటాడు.

అరండల్‌పేట_సుధ
నిజమే, సిప్ వద్దని నేననలేదుగా. కట్టేటప్పుడు మార్కెట్ పడితే మనకి మంచిదే. తీసుకునేటప్పుడు పడితేనే గోల. పాపకి కాలేజీ ఫీజు కట్టాల్సిన జూన్‌లో 2008 లాంటిది వస్తే? చదువు ఏడాది వాయిదా వెయ్యలేంగా. అందుకే ఆఖరి మూడు నాలుగేళ్లలో కొద్దికొద్దిగా షేర్లలోంచి తీసి ఎఫ్‌డీల్లోకో డెట్ ఫండ్లలోకో (షేర్లు కాకుండా బాండ్లు కొనేవి) దించుకోవాలి.

రిటైర్డ్_మాస్టారు
నేను మొదట్నుంచీ పోస్టాఫీసు, బ్యాంకు ఎఫ్‌డీలే. ముగ్గురు పిల్లల చదువులు, పెళ్లిళ్లు వాటితోనే అయ్యాయి. రాత్రిపూట నిద్ర పట్టేది. రిస్కు లేని చోటు ఉండగా ఈ తలనొప్పులెందుకు వేణూ?

ఆడిటర్_బ్రాడీపేట
మాస్టారూ, మీ తరానికి అది కుదిరింది, కాదనను. మీరు కట్టిన రోజుల్లో పీపీఎఫ్ మీద 12 శాతం వడ్డీ, 1986 నుంచి 2000 జనవరి దాకా అంతే. ఇప్పుడు 7.1, అదీ 2020 ఏప్రిల్ నుంచి కదల్లేదు. ఈలోగా కాలేజీ ఫీజులు, హాస్పిటల్ బిల్లులు ఏ రేటున పెరిగాయో మీకు తెలియంది కాదు. వడ్డీ తగ్గడం, ధరలు పెరగడం కూడా రిస్కేనండి, చప్పుడు చెయ్యదు కాబట్టి కనపడదు. ఇంకో మాట, ఒక బ్యాంకులో డిపాజిట్‌కి బీమా 5 లక్షల వరకే, అసలూ వడ్డీ కలిపి. రిటైర్మెంట్ డబ్బంతా ఒకే చిన్న బ్యాంకులో పెట్టినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు.

మిర్చియార్డ్_శీను
ప్రపంచం సంగతి మనకెందుకు అనుకునేవాళ్లు ఒక్కసారి గుంటూరు మిర్చి యార్డుకి రండి, నేను చూపిస్తా. మా నాన్న కమీషన్ వ్యాపారం, నేనూ అందులోనే. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం మాడ్చేసింది, తోటలు పీకేశారు, సరుకు తగ్గేసరికి ఆ తర్వాత రెండేళ్లు రేటు ఆకాశానికి పోయింది, తేజ రకం మిర్చి క్వింటా 20 వేలు దాటితే అందరూ మిరపే వేశారు, కౌళ్లు కూడా పెరిగిపోయినయి, కోల్డ్ స్టోరేజీలు నిండిపోయినయి, బయటి దేశాల ఆర్డర్లు చల్లబడ్డయి, 2025 ఫిబ్రవరికి రేటు సగం. చివరికి కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ (రేటు పడిపోతే ప్రభుత్వం కలగజేసుకునే స్కీము) కింద క్వింటాకి 11,781 రేటు ప్రకటించాల్సి వచ్చింది. ఇక్కడ టిక్కీ (మిర్చి బస్తా) మీద చెయ్యి పెట్టి రేటు చెప్పేవాడికి చైనా పార్టీ ఏమంటుందో, బంగ్లాదేశ్‌లో డాలర్లు ఉన్నాయో లేవో తెలియాలి. 2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ పోయే కంటెయినర్ ఆఫ్రికా చుట్టూ తిరిగి పోతోంది, ఆ బాడుగ ఎవడి నెత్తిన పడుతుంది? కొనేవాడు వాడి రేటులో కోస్తాడు, అది రైతు దాకా వచ్చి ఆగుద్ది.

పటమట_లక్ష్మి
శీను గారు చెప్పిందే రొయ్యకి కూడా. మా పెద్దనాన్న వాళ్లకి కైకలూరు వైపు చెరువులున్నాయి. 50 శాతం టారిఫ్ వార్త వచ్చిన వారంలోనే కొనేవాళ్లు కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు తగ్గించేశారు, ఇంకా ఒక్క కంటెయినరు కూడా ఆ సుంకం కట్టకముందే. మేత రేటు మాత్రం తగ్గలేదు.

తుళ్లూరు_రైతుబిడ్డ
వేణు గారి బామ్మర్ది మాట మీద చెప్తా, మా ఇంటి కథ కాబట్టి. 2015లో మేం రాజధాని కోసం పూలింగ్‌కి (భూమి ఇచ్చి బదులుగా ప్లాట్లు తీసుకోవడం) భూమి ఇచ్చాం. ఎకరానికి ఇళ్లస్థలం వెయ్యి గజాలు, కమర్షియల్ మెట్టకైతే 250 గజాలు, జరీబుకైతే (ఏటి ఒడ్డున నీళ్లుండే సారవంతమైన భూమి) 450, పదేళ్లు కౌలు. అప్పట్లో ఊళ్లో కార్ల బారు చూడాలి. 2019 జూలైలో ప్రపంచ బ్యాంకు రుణం వెనక్కి పోయింది, డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, కొనేవాడు ఒక్కడు లేడు. 2022 మార్చిలో అమరావతినే రాజధానిగా కట్టాలని హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వం మారడం, డిసెంబరులో ప్రపంచ బ్యాంకు మళ్లీ రుణం ఒప్పుకోవడం, ఇప్పుడు మళ్లీ కార్లు. భూమి ఎక్కడికీ పోలేదు, మీ బామ్మర్ది కరెక్టే. కానీ మా అక్క పెళ్లి 2020లో. అప్పుడు గజం అమ్ముదామన్నా అడిగినోడు లేడు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాం. విలువ ఉండటం వేరు, కావాల్సిన రోజు చేతికి రావడం వేరు. ఏ పార్టీ వాళ్లయినా సరే నన్ను తిట్టకండి, జరిగింది చెప్పా.

బెజవాడ_వేణు
ఇది మా బామ్మర్దికి ఫార్వర్డ్ చేశా. ‘ఇప్పుడు మళ్లీ కార్లు’ అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నాడు.

తుళ్లూరు_రైతుబిడ్డ
హహ. భూమి కొనేవాడు ఎప్పుడూ ఆ ముక్కే చదువుతాడు.

సింగ్‌నగర్_బాషా
బుడమేరు అన్నారు కాబట్టి నేను రాయాల్సిందే. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం పొద్దున లేచేసరికి వీధిలో మోకాలు లోతు, మధ్యాహ్నానికి కింద ఇంట్లో నడుం దాటింది. పైన కట్టకి గండ్లు పడి బుడమేరు మా మీదకొస్తుంటే ఇక్కడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పొంగి పారుతోంది, మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్లు వారం పైన కదల్లేదు. ఇల్లు నాది, కింద మా తమ్ముడి కుట్టు మిషన్ల షాపు, పక్క వీధిలో అద్దెకిచ్చిన రెండు గదులు. ఇల్లు, షాపు, అద్దె, మా వ్యాన్, మూడూ కాదు నాలుగూ ఒకే పూట మునిగాయి. అప్పటిదాకా నాకు నాలుగు ఆదాయాలు అనుకున్నవాణ్ని మా నాన్న కూర్చోబెట్టి చెప్పాడు, ఒరే ఇవి నాలుగు కావు, ఒక్కటే, నాలుగు పేర్లు పెట్టుకున్నావంతే అని. ప్రభుత్వం కింద ఇళ్లకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ఇచ్చింది, ఆ పూటకి ఆదుకుంది, కానీ మోటార్లు పాడైన మిషన్లు, ఉబ్బిపోయిన తలుపులు, బురదలో నానిన బట్టల తానులు దాంతో తీరేవి కాదుగా. మమ్మల్ని నిలబెట్టింది మా చెల్లెలు ఖతర్ నుంచి పంపిన డబ్బు, ఇంకోటి నా పేరున ఉన్న మ్యూచువల్ ఫండ్. రిక్వెస్ట్ పెట్టిన మూడోరోజుకి అకౌంట్లో పడింది. ఆ కంపెనీల్లో ఒక్కదానికి కూడా సింగ్‌నగర్ ఎక్కడుందో తెలియదు, అదే నాకు కలిసొచ్చింది.

అరండల్‌పేట_సుధ
బాషా గారూ, మీ నాన్నగారు చెప్పింది ఫైనాన్స్ చదివినవాళ్లు కూడా ఇంత సూటిగా చెప్పరు.

ఆడిటర్_బ్రాడీపేట
అదే అసలు విషయం. వేణూ, ఒక పని చెయ్. తెల్లకాగితం తీసుకుని ఎడమపక్క మీ ఇంటికి డబ్బొచ్చేవి, డబ్బున్నవి అన్నీ రాయి. జీతం, మీ ఆవిడ జీతం, ఫ్లాటు, బంగారం, సిప్, ఎల్‌ఐసీ. ప్రతిదాని ఎదురుగా ఇది దెబ్బతినాలంటే ఏం జరగాలి అని ఒక్క మాట రాయి. ఒకే మాట మూడుసార్లు వస్తే నీ రిస్కు అదే, పేపర్లో వచ్చేది కాదు. రాసి ఇక్కడ పెట్టు.

బెజవాడ_వేణు
రాశా సార్. నా జీతం: ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల డీలర్ దగ్గర అకౌంట్స్, సరుకు రవాణా పడిపోతే దెబ్బ. మా ఆవిడ: ప్రైవేట్ స్కూల్ టీచర్, కోవిడ్ అప్పుడు సగం జీతమే ఇచ్చారు. ఫ్లాటు: కండ్రికలో రెండో ఫ్లోరు, లోను ఇంకా 11 ఏళ్లుంది, వరద. అద్దెకిచ్చిన మా నాన్న ఇల్లు: పాయకాపురం, మళ్లీ వరద. సిప్: ఇండియా ఎకానమీ. బంగారం: ఏం రాయాలో తెలియలేదు.

ఆడిటర్_బ్రాడీపేట
చూశావా, రెండు ఇళ్లూ బుడమేరు పక్కనే. జీతాలు రెండూ ఈ ఊరి వ్యాపారం బాగుంటేనే. ఇప్పుడు మూడో ఆస్తి కూడా కృష్ణ ఒడ్డున ఇక్కడికి గంట దూరంలో కొంటే మీ కుటుంబం మొత్తం ఒకే ప్రాంతం మీద పందెం కాసినట్టు. అమరావతి మంచిదా చెడ్డదా అన్న చర్చ అక్కర్లేదు, నీకు మాత్రం అది వద్దు. హైదరాబాద్‌లో ఉండి హైదరాబాద్ జీతం తీసుకునేవాడు కొంటే నేను వేరేలా చెప్తా.

డల్లాస్_గుంటూరోడు
ఆ కాగితం మా ఎన్నారైలు కూడా రాయాలి. గుంటూరు, విజయవాడల్లో సగం అపార్ట్‌మెంట్ల ఈఎంఐలు ఇక్కడి జీతాల మీద నడుస్తున్నాయి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ వీసాకి (అమెరికాలో ఉద్యోగం చేసే వీసా) లక్ష డాలర్ల ఫీజు అని ఒక్క సంతకం పడింది, ఆ వీకెండ్ ఇండియా వెళ్లినోళ్లు ఫ్లైట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. నా రూమ్మేట్‌కి మంగళగిరిలో రెండు ఫ్లాట్లు, రెంటికీ లోన్లు, కంపెనీ స్టాకు, అన్నీ ఒక్క వీసా మీద. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు కూడా పిల్లాడు పంపుతాడులే అని రిటైర్మెంట్‌కి ఏమీ దాచట్లేదు. దాన్ని ఏ రిపోర్టులోనూ రిస్కు అని రాయరు, మన జిల్లాల్లో మాత్రం అది పెద్ద రిస్కే.

రిటైర్డ్_మాస్టారు
డల్లాస్ బాబు చెప్పింది నూటికి నూరుపాళ్లు. మా వీధిలో పెద్దవాళ్లందరూ ఒంటరిగా ఉంటున్నారు. డబ్బు ఉన్నా హాస్పిటల్‌కి తీసుకెళ్లే మనిషి లేడు. రిటైర్మెంట్ లెక్కలో ఆ మనిషి జీతం కూడా వేసుకోవాలి.

చిన్నా_99
మరి ఈఎస్‌జీ ఫండ్ అని ఉంటాయిగా, పర్యావరణం సమాజం అన్నీ చూసి కొంటారంట. అది ఒకటి కొంటే ఇవన్నీ కవరైపోవా?

ఆడిటర్_బ్రాడీపేట
కవర్ కావు చిన్నా. పేరు చూసి కొనకు, లోపల ఏ కంపెనీలున్నాయో చూడు, చాలావాటిలో మామూలు లార్జ్‌క్యాప్ (పెద్ద కంపెనీల) ఫండ్లో ఉన్న బ్యాంకులూ ఐటీ కంపెనీలే ఉంటాయి. నువ్వు నేరుగా షేర్లు కొంటావు కాబట్టి ఇంకో పని చెయ్యొచ్చు. 2022-23 నుంచి టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అని ఒక రిపోర్టు ఇవ్వాలని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ రూలు, వార్షిక నివేదికలోనే ఉంటుంది. ఎన్ని నీళ్లు వాడారు, ఎంత కరెంటు, ప్రమాదాల్లో ఎంతమంది పోయారు, ఉద్యోగులు ఎంతమంది మానేస్తున్నారు, అన్నీ పట్టికల్లో ఉంటాయి. సిమెంటు, స్టీలు కంపెనీ కొనేవాడు అవి చూడకుండా కొనకూడదు. యూరప్ 2026 జనవరి 1 నుంచి సీబీఏఎం అనే కార్బన్ సుంకం పూర్తిగా అమల్లోకి తెచ్చింది, అంటే బయటి దేశం స్టీలు, అల్యూమినియం, సిమెంటు తయారీలో ఎంత కార్బన్ పోయిందో దానికి తగ్గ డబ్బు అక్కడి దిగుమతిదారు కట్టాలి. బొగ్గు మీద స్టీలు చేసి యూరప్‌కి అమ్మే కంపెనీకి అది నేరుగా లాభంలో కోత. ఇక్కడ పర్యావరణం అంటే చెట్లు నాటడం గురించి కాదు, బ్యాలెన్స్ షీటు గురించే.

అరండల్‌పేట_సుధ
దానికి అమెరికా ఉదాహరణ ఉంది. కాలిఫోర్నియాలో పీజీ అండ్ ఈ అనే కరెంటు కంపెనీ 2019 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది, వాళ్ల లైన్ల వల్ల అడవులు తగలబడితే వచ్చిన నష్టపరిహారాలు కట్టలేక. కరెంటు కంపెనీ షేరు అంటే ముసలివాళ్లు పెన్షన్ లాగా కొనుక్కునేది. అలాగే మనిషి నిజాయితీ రిస్కు కూడా మర్చిపోవద్దు. 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ లెక్కలు దొంగవని దాని ఛైర్మనే రాసిన లెటర్ బయటికొచ్చిన రోజు, షేరు 179 నుంచి 40 దగ్గరికి వచ్చింది. అది యుద్ధం వల్లా కాదు, వాన వల్లా కాదు. ఒక్క కంపెనీలో డబ్బంతా పెట్టినోడికే అది జీవితకాలపు దెబ్బ, ఇండెక్స్ ఫండ్‌లో ఉన్నోడికి ఒక రోజు దెబ్బ.

బెజవాడ_వేణు
బంగారం సంగతి ఎవరూ చెప్పలేదు. మావయ్య రోజూ అడుగుతున్నాడు.

డల్లాస్_గుంటూరోడు
2022లో రష్యా బయటి దేశాల్లో దాచిన రిజర్వులు దాదాపు 300 బిలియన్ డాలర్లు వెస్ట్ వాళ్లు ఫ్రీజ్ చేశాక చాలా దేశాల సెంట్రల్ బ్యాంకులు బంగారం మీద పడ్డాయి, 2022, 23, 24 మూడేళ్లూ ఏడాదికి వెయ్యి టన్నులకి పైనే కొన్నాయి. డాలర్లు ఇంకోడి కంప్యూటర్లో ఉంటాయి, బంగారం మన బీరువాలో ఉంటుంది అనే భయం. 2025లో మనూళ్లో తులం లక్ష దాటడం వెనక అది కూడా ఉంది. మీ మావయ్య అమాయకుడేం కాదు. ఉన్నదాంట్లో పదో వంతో ఇంకాస్తో ఉంచుకోండి, మొత్తం మాత్రం కాదు. 2012 చివరి నుంచి ఐదారేళ్లు బంగారం ఎక్కడిదక్కడే ఉంది, మర్చిపోయాం మనం.

పటమట_లక్ష్మి
తరుగు, మజూరీ ఇచ్చి కొన్న నగని పెట్టుబడి అనకండి దయచేసి. అమ్మేటప్పుడు తెలుస్తుంది.

డల్లాస్_గుంటూరోడు
అవును, నగ వేరు. ఇంకో మాట, ఇండియా బయట కూడా కొంచెం ఉండాలి వేణు గారూ. 2008 మొదట్లో డాలర్ 40 రూపాయల దరిదాపుల్లో, 2025 డిసెంబర్లో 90 దాటింది. పాప విదేశాల్లో చదువుతుందేమో అనుకుంటే ఆ ఖర్చు డాలర్లలో. అయితే బయట అంటే ఒక్క దేశమూ కాదు. 2022 మార్చిలో రష్యా షేర్లని ప్రపంచంలో చాలా ఫండ్లు అనుసరించే ఎంఎస్‌సీఐ ఇండెక్స్ నుంచి దాదాపు సున్నా రేటుకి తీసేశారు, ముందురోజు దాకా అవి చాలా చౌకగా ఉన్నాయి కొనండి అన్నవాళ్లున్నారు.

అరండల్‌పేట_సుధ
ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, మన ఫండ్ హౌసులన్నిటికీ కలిపి విదేశీ పెట్టుబడికి 7 బిలియన్ డాలర్ల పరిమితి, 2022 ఫిబ్రవరిలో అది నిండి కొత్త డబ్బు తీసుకోవడం ఆపేశారు. తర్వాత కొన్ని తెరిచారు, మళ్లీ ఆపారు. సిప్ పెట్టేముందు ఆ ఫండ్ డబ్బు తీసుకుంటోందో లేదో చూసుకోండి.

బెజవాడ_వేణు
సరే, ఇప్పటిదాకా విన్నదాన్ని బట్టి నేను చేసేది చెప్తా, తప్పుంటే దిద్దండి. సిప్ అలాగే ఉంచుతా, అందులోంచి 3 వేలు బయటి దేశాల ఫండ్‌కి. అమరావతి స్థలం వద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చూ ఈఎంఐలూ ఎఫ్‌డీలో, రెండు బ్యాంకుల్లో. బంగారం ఉన్నది చాలు. పాపకి 14 వచ్చాక చదువు డబ్బు కొంచెం కొంచెం కిందకి దించడం. ఇంకా ఏమైనా మర్చిపోయానా?

సింగ్‌నగర్_బాషా
ఇంటికి బీమా! రెండు ఇళ్లకీ లేదు కదా? ఫండ్లు, బంగారం తర్వాత, ఈ నెల్లోనే అది చెయ్యండి. భారత్ గృహ రక్ష అని 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఇవ్వాల్సిన పాలసీ ఉంది, వరద, తుపాను, అగ్ని అన్నీ కవర్. ఇల్లు మొత్తం అమ్మితే వచ్చే రేటు కాదు రాయాల్సింది, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు, చదరపు అడుగుకి ఇంత అని. స్థలం విలువ అందులో రాదు. బిల్డింగ్‌కి తీసుకుంటే లోపలి సామాన్లకి ఆ మొత్తంలో 20 శాతం, 10 లక్షల దాకా దాంట్లోనే వస్తుంది. బండి ఉంటే ఇంజిన్ ప్రొటెక్షన్ యాడాన్ అడిగి తీసుకోండి. మా వ్యాన్‌కి అది లేదు, నీళ్లు తీశాక మెకానిక్ ముందే స్టార్ట్ చేసి చూశాడు, ఇంజిన్ లోపలికి నీళ్లు పోయాయని క్లెయిమ్‌లో ఆ భాగం కొట్టేశారు. నీళ్లలో నిలబడ్డ బండి తాళం తిప్పొద్దు, తోయించి తీసుకెళ్లండి.

పటమట_లక్ష్మి
ఫ్లాటు వాళ్లకి ఎలా? బిల్డింగ్ మొత్తం అసోసియేషన్ తీసుకోవాలా?

ఆడిటర్_బ్రాడీపేట
మీ ఫ్లాటు వరకు మీరే విడిగా తీసుకోవచ్చు. లిఫ్టు, జనరేటరు, కింద మోటార్లు, ప్రహరీ ఉమ్మడివి కాబట్టి అసోసియేషన్ వేరే పాలసీ తీసుకోవాలి. రెండో ఫ్లోరులో ఉన్నా వరదొస్తే ఫస్టు పోయేది లిఫ్టు, మోటారే. మీటింగ్‌లో అడగండి. హోమ్ లోన్‌తో బ్యాంకు అంటగట్టిన పాలసీ ఏదైనా ఉంటే తీసి చదవండి, చాలావరకు అది మనిషి ప్రాణం మీద ఉంటుంది, ఇంటి మీద కాదు.

మిర్చియార్డ్_శీను
బాషా భాయ్, మా అత్తారి సరుకు 300 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉంది, రేటు వస్తే అమ్ముదామని. ఈ గృహ రక్ష దానికి వర్తిస్తుందా?

ఆడిటర్_బ్రాడీపేట
వర్తించదు శీనూ, అది ఇంటికి, ఇంటి సామానుకి. వ్యాపార సరుకు వేరే పాలసీ. స్టోరేజీ వాళ్లు సరుకుకి బీమా చేశామంటారు, ఆ కాపీ అడుగు. ఎంత మొత్తానికి చేశారు, క్వింటాకి ఏ రేటు కట్టారు, వరద కూడా ఉందా లేక అగ్ని ఒక్కటేనా, చూడాల్సింది ఈ మూడు. సరుకు మీద బ్యాంకు లోను తీసుకుని ఉంటే క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకి పోతుంది, మిగిలిందే మీకు.

మిర్చియార్డ్_శీను
లోను ఉంది సార్. రేటు 20 వేలున్నప్పుడు తీసింది. సోమవారం స్టోరేజీకి పోయి ఆ కాపీ అడిగి ఫొటో ఇక్కడ పెడతా, పేర్లు చెరిపేసి. ఇంకెవరికైనా సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంటే మీదీ అడగండి.